లిల్లీని ఒంటరిగా నాటకండి

ఇంటి ముందు వాకిలంతా టైల్స్ వేయించాలని మా పెద్దోడు పట్టుబట్టాడు. వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకోసారి సిరికొండ వస్తాడు. కారు పెట్టుకోవడానికి చోటు కావాలి, వానాకాలం కాళ్లకు బురద అంటొద్దు, చుట్టాలొస్తే చూడముచ్చటగా ఉండాలి. వాడు చెప్పినవన్నీ న్యాయమైన మాటలే. నేను ఒక్కటే అడిగాను. ప్రహరీ గోడ పొడవునా పన్నెండడుగులు, వెడల్పు మూడడుగులు మట్టి అలాగే వదిలెయ్యమని. వాడు అటు తిరిగి చూశాడు. అది ఏప్రిల్ నెల. ఎండాకు కప్పిన నేల, అక్కడక్కడా బిళ్ళగన్నేరు, మూలన తులసి, అంతే.

"అందులో ఏముందమ్మా? నాలుగు కుండీలు తెచ్చిస్తా. లిల్లీలు పూలతో సహా అమ్ముతున్నారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే ఇరవై ఆరేళ్ల కింద ఇదే మడి ముందు నిలబడి, ఇదే నెలలో, ఇదే మాట నేనే అన్నాను.

నేను నిజామాబాద్ టౌనులో పెరిగిన పిల్లను. పెళ్లయి సిరికొండ వచ్చిన మొదటి ఎండాకాలం. ఇంట్లో నాది అనుకోవడానికి ఇంకా ఏదీ లేదు. వంటిల్లు అత్తమ్మది, పెరడు మామయ్యది. గోడ పక్కన ఈ మట్టి మాత్రం ఎవరికీ పట్టనట్టు ఖాళీగా కనిపించింది. ఒక పొద్దున్నే గడ్డపార తీసుకుని మొత్తం తవ్వేశాను. చిన్న ఉల్లిగడ్డల్లాంటివి తట్టెడు వచ్చాయి. ఎండిపోయినవేమో అనుకుని పెంటకుప్ప మీద పారబోసి, బంతి నారు పోశాను. అత్తమ్మ బాయి నుంచి బిందెతో వచ్చి చూసింది.

"ఎందుకు తవ్వినవ్ బిడ్డా?"

"అందులో ఏం లేదు కదా అత్తమ్మా."

"లేకేం, పండుకున్నయి" అంది. ఇంకేమీ అనలేదు. బిందె దించడానికి లోపలికి వెళ్లింది.

మిరుగంలో మొదటి వాన పడింది. నాలుగైదు రోజులకు పేడ వెయ్యడానికి పెంటకుప్ప దగ్గరికి పోతే, కుప్ప నిండా గులాబి రంగు పూలు. వాన లిల్లీలు. ఎవరూ నాటలేదు, నీళ్లు పొయ్యలేదు, బోర్లా పడ్డవి కూడా మెడ తిప్పుకుని పూశాయి. ఆ పూట నేను ఎవరికీ కనబడకుండా ఏడ్చాను. అత్తమ్మ కోప్పడి ఉంటే అంత ఏడుపు వచ్చేది కాదేమో. మరునాడు ఇద్దరం కూర్చుని గడ్డలన్నీ ఏరి మళ్లీ నాటాం. అప్పుడు నేనేసిన బంతి మొక్కలు పీకబోతే ఆమే ఆపింది. "ఉండనియ్, అవి పండుకున్నప్పుడు ఇవి మేల్కొంటయి" అంది.

ఇన్నేళ్లలో పూలమొక్కల గురించి నేను చదివినవీ, చూసినవీ చాలా ఉన్నాయి. ఆ ఒక్క మాట కంటే పనికొచ్చింది ఏదీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను. లిల్లీని ఒంటరిగా నాటకండి. దాని పువ్వును చూసి మడి కట్టకండి. పువ్వు లేని ఎనిమిది తొమ్మిది నెలల్లో దాని పక్కన ఎవరుంటారో చూసుకుని మడి కట్టండి.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మా వాడు చెప్పిన కుండీ లిల్లీ, మనం లిల్లీ అనే పూలు ఒకటి కాదు. నర్సరీల్లో నారింజ, పసుపు, గులాబి రంగుల్లో పెద్ద పెద్ద పూలతో అమ్మేవి అసలు లిల్లీలు, శాస్త్రం ప్రకారం లిలియం జాతివి. వాటికి చల్లదనం కావాలి. దక్షిణాదిన సొంతంగా పెరిగే అసలు లిల్లీ ఒకటి లేకపోలేదు, నీలగిరి లిల్లీ. అది కూడా పడమటి కనుమల కొండల మీద చల్లగాలిలో ఉంటుంది. 45 డిగ్రీల దాకా కాసే మన ఎండలో లిలియం కుండీ తెచ్చుకుంటే, ఆ పూలు ఉన్నన్నాళ్లే ముచ్చట. నేనూ ఒకసారి తెచ్చాను. పదిహేను రోజులు చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి చూపించాను. మరుసటి ఏడు ఆ కుండీలో కొత్తిమీర వేసుకున్నాం.

మన దండల్లో, పెళ్లి పందిళ్లలో లిల్లీ అంటే నేలసంపెంగ. అది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, లిలియం జాతి కానే కాదు. వాన లిల్లీ, ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ కూడా లిలియాలు కావు. పేరుకే లిల్లీలు. కానీ మన ఎండను ఓర్చుకుని, నేల కింద గడ్డగా దాక్కుని, వాన వాసనకు లేచేవి ఇవే. నాకు వీటినే లిల్లీలనడం ఇష్టం.

ఇక పక్కన ఎవరుండాలన్న సంగతి. చల్లటి దేశాల్లో లిల్లీలు పెంచేవాళ్లు ఒకటి చెప్తారు: తల ఎండలో ఉండాలి, పాదాలు నీడలో ఉండాలి. అంటే కాడ పైకి వెళ్లి వెలుతురు చూడాలి, మొదలు దగ్గర నేల మాత్రం కాలకూడదు. ఆ మాట మనకూ సరిపోతుంది. వాళ్లు చెప్పే తోడు మొక్కలే మనకు సరిపోవు. వాళ్ల భయం మంచు, మన భయం రోహిణి కార్తె. అందుకే వీడియోలో చూసిన పేర్లు రాసుకుని నర్సరీకి పోకండి. మన వాకిట్లో ఏవి బతుకుతాయో మనకు తెలిసినవే తోడు.

మా మడిలో గోడ వైపు నేలసంపెంగ ఉంటుంది. రెండు మూడు అడుగుల కాడ వేస్తుంది కనుక వెనకనే దానికి చోటు. వాటి మధ్య మధ్య బంతి. ఇది అందం కోసం కాదు. నేలసంపెంగ వేళ్లకు నులిపురుగు పడుతుంది. కంటికి కనిపించనంత చిన్న పురుగు, వేరు మీద బుడిపెలు కడుతుంది, మొక్క పాలిపోయి పూలు తగ్గిపోతాయి. బంతి వేళ్లలో ఉండే పదార్థం ఆ పురుగును అణుస్తుంది. అయితే ఒకటి రెండు మొక్కలు దిష్టిబొమ్మల్లా పెడితే లాభం లేదు. ఒత్తుగా వెయ్యాలి, పూత అయ్యాక అక్కడే మట్టిలో కలపాలి. కనకాంబరం మనకెంత ఇష్టమైనా నేలసంపెంగ పక్కన పెట్టకండి. దానికీ నులిపురుగు బాధ ఎక్కువే. ఇద్దరు రోగులను ఒకే మంచం మీద పడుకోబెట్టినట్టు అవుతుంది. మా కనకాంబరాలు గుమ్మానికి అటు పక్కన, వేరే మట్టిలో ఉంటాయి.

ముందు వరుస వాన లిల్లీలది. జానెడు ఎత్తు కూడా పెరగవు కనుక అంచుకు బాగుంటాయి. వాటి సందుల్లో నాచుపూలు పాకించాను. ఎండ ఎంత కాస్తే అంత పూస్తాయి, నేలను కప్పుతాయి, వాన పడి లిల్లీ ఆకు లేచిందంటే పక్కకు జరుపుకోవచ్చు. నడుమ బిళ్ళగన్నేరు, చామంతి. బిళ్ళగన్నేరు ఏప్రిల్, మే నెలల కాపలాదారు. చామంతి చలికాలానిది. నేలసంపెంగ కాడలు ఆగిపోయే రోజుల్లో అది పూతకు వస్తుంది. జామచెట్టు కింద మధ్యాహ్నం నీడ ఉన్నచోట ఫుట్‌బాల్ లిల్లీ. ఏడాదికి ఒక్కసారి, మే జూన్ నెలల్లో పూస్తుంది. మిగతా రోజుల్లో దాని వెడల్పాటి ఆకే అందం. చివరికి ఆ ఆకు కూడా పోతుంది.

ఒక మూల గునుగు గింజలు చల్లాను. ఒకసారి రాలితే ఏటా తనే మొలుస్తుంది. మా చిన్నప్పుడు చేల గట్ల మీద ఎంత కోసుకుంటే అంత ఉండేది. ఇప్పుడు కలుపు మందుల పుణ్యమా అని మా వైపు గట్లు బోసిపోయాయి. బతుకమ్మ కోసం గునుగును బజార్లో కట్టలు కొనుక్కోవడం నాకు మనసొప్పదు. మూడడుగుల మట్టి ఉంటే పూర్తి బతుకమ్మ కాకపోయినా ఒక వరుసకు సరిపడా మనింటి పువ్వు ఉంటుంది.

"ఇన్ని కలిపితే చిందరవందరగా ఉండదా? ఒకే రంగు, ఒకే పువ్వు వరుసగా ఉంటేనే కదా అందం?" అని మా చెల్లెలు అడుగుతుంది. ఫోటోకైతే ఆమె మాట నిజం. వరుసగా నాటిన నేలసంపెంగ ఆ మూడు నెలలు కన్నుల పండుగే. కానీ ఫోటో తీసేది ఒక్క రోజు, ఆ వాకిట్లో ముగ్గు వేసుకోవాల్సింది ఏడాది పొడవునా. ఒకే రకం వేసిన మడి పూత అయిపోగానే ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగా కనిపించిందంటే ఎవరో ఒకరి చెయ్యి గడ్డపార మీదికి పోతుంది. నా చెయ్యే పోయింది కదా. అందుకే తోడు మొక్క అంటే నా లెక్కలో కాపలా మొక్క. కింద ఒకరు పండుకున్నారు, తవ్వకండి అని పైనుంచి చెప్పేది.

ఇంకో మూడు జాగ్రత్తలు, ఇవి మాత్రం తప్పనిసరి. వాన లిల్లీ గడ్డ చూడ్డానికి చిన్న ఉల్లిగడ్డలా, ఎల్లిగడ్డలా ఉంటుంది, కానీ విషం. తింటే వాంతులవుతాయి. కాబట్టి ఉల్లి, ఎల్లి వేసే కూరమడి పక్కన దాన్ని నాటొద్దు, తవ్విన గడ్డలు వంటింటి దరిదాపుల్లో ఆరబెట్టొద్దు. రెండోది, అడవి అంచుల్లో వానాకాలం మంటల్లాంటి పూలతో అల్లుకునే అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. చూస్తే తెచ్చుకోవాలనిపిస్తుంది, కానీ దాని దుంప ప్రాణాలు తీసేంత విషం. చిన్నపిల్లలున్న ఇంటికి వద్దే వద్దు. మూడోది, పిల్లిని పెంచుకునేవాళ్లు అసలు లిల్లీ కుండీ ఇంట్లోకి తేవద్దు. దాని ఆకు, పువ్వు, పుప్పొడి, పూలు పెట్టిన నీళ్లు ఏవి కడుపులోకి పోయినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి.

నీళ్ల సంగతి చిన్నదే. గడ్డ మొక్కకు ఎండ కంటే నిలవ నీరు చెడ్డది. మాలాంటి చల్క నేలలో పెద్ద బాధ లేదు. బోధన్ వైపు నల్ల రేగడి ఉన్నవాళ్లు మడిని జానెడు ఎత్తు లేపి, ఇసుక, బాగా మాగిన ఎరువు కలుపుకోవాలి. ఆకు ఎండిపోయాక కాల్వ కట్టినట్టు నీళ్లు పెట్టకండి. బిళ్ళగన్నేరుకు పోసే చెంబెడు నీళ్లు చాలు.

ఇక మళ్లీ మా వాడి దగ్గరికి వస్తాను. నేను ఇవేవీ వాడికి చెప్పలేదు. సాయంత్రం దాకా ఆగి ఒక సంగతి గుర్తు చేశాను. మా అత్తమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పొద్దంతా అరుగు మీదే. వానాకాలం వచ్చిందంటే, పొద్దు గూకే వేళకు నేలసంపెంగ వాసన లేస్తుంది. ఆ వాసన తగలగానే "దీపం పెట్టే యాళ్ల అయింది బిడ్డా" అని ఆమే నన్ను కేకేస్తుంది. వాసన కోసమే మా మడిలో ఒంటిరెక్క రకం వేశాను. ముద్దపువ్వు చూడ్డానికి నిండుగా ఉంటుంది, వాసనలో ఒంటిరెక్కకు సాటిరాదు. "టైల్స్ వేస్తే నానమ్మకు టైము ఎవరు చెప్తార్రా?" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత టేపు తెచ్చి కొలిచాడు. పన్నెండడుగులు కుదరదట, గేటు తెరుచుకోవాలట. పదడుగులకు ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. గేటు వైపు రెండడుగుల్లో ఉన్న గడ్డలు తవ్వి ఇటు జరపాలి. ఈసారి తవ్వే పని వాడితోనే చేయిస్తాను, పక్కన అత్తమ్మను కూర్చోబెట్టి.

ఇల్లు కట్టుకునేటప్పుడు మనం వంటింటి గట్టు ఎత్తు గురించి గట్టిగా మాట్లాడతాం, పూజ గది మూల గురించి మాట్లాడతాం. వాకిట్లో మూడడుగుల మట్టి గురించి కూడా అంత గట్టిగానే అడగండి. ఒకసారి సిమెంటు పడ్డాక అడిగి లాభం లేదు. మట్టి దొరికాక లిల్లీ కోసం నర్సరీకి పరుగెత్తకండి, పక్కింటి అక్కనడగండి. గడ్డలు ఏటా పిల్లలు పెడుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ కొదవ ఉండదు. అడిగితే మురిసిపోయి ఇస్తారు, ఏ గడ్డ పక్కన ఏది బతికిందో కూడా చెప్తారు.

మా దగ్గర ఈసారి వాన లిల్లీ గడ్డలు తట్టెడు మిగులుతాయి. మిరుగం దాటాక సిరికొండ వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే తీసుకుపొండి. సంచి మాత్రం మీరే తెచ్చుకోండి. తెచ్చుకున్న గడ్డతో పాటు గుప్పెడు బంతి గింజలు కూడా అడగడం మరిచిపోకండి.