గడప దగ్గర సమ్మతి: సోదాకు ఔననాలా, కాదనాలా?

వారంటు లేకుండా ఇంటి ముందుకు వచ్చిన పోలీసు అధికారి లోపల ఒకసారి చూడవచ్చా అని అడిగినప్పుడు, సరేనని ఆ ఇంటివారు చెప్పే ఒక్క మాట అమెరికా చట్టంలో న్యాయమూర్తి సంతకం చేయవలసిన పనిని చేసిపెడుతుంది. నేరం జరిగిందనడానికి ఆధారమేమిటో, ఆ ఇంట్లోనే వెతకవలసిన అవసరమేమిటో ఎవరికీ వివరించనక్కర లేకుండానే పోలీసులకు గడప దాటే అధికారం ఆ క్షణంలో దక్కుతుంది. అయినా ఆ మాట చెప్పాలా వద్దా అన్నది సాధారణంగా నైతిక ప్రశ్నగానే చర్చకు వస్తుంది. తప్పు చేయనివారు సోదాకు ఎందుకు జంకాలని ఒక పక్షం అడిగితే, పోలీసులను నమ్మేదెలాగని మరో పక్షం అడుగుతుంది. సోదాకు కారణం చూపవలసిన బాధ్యత పోలీసులదా, కాదనడానికి కారణం చూపవలసిన బాధ్యత ఇంటివారిదా అన్న అసలు విషయాన్ని ఈ రెండు వాదాలూ వదిలేస్తున్నాయి. అమెరికా రాజ్యాంగం ఆ బాధ్యతను పోలీసులపై పెట్టింది. ఇంటివారి సమ్మతి దానిని వారి భుజాల మీది నుంచి దింపేస్తుంది.

ఈ ఏర్పాటుకు మూలం వలస పాలన నాటి చేదు అనుభవంలో ఉంది. సుంకం ఎగవేసిన సరుకు కోసం ఏ ఇంటినైనా, ఏ గోదామునైనా వెతికే అధికారాన్ని సుంకాధికారులకు కట్టబెడుతూ బ్రిటిష్ ప్రభుత్వం ‘రిట్స్ ఆఫ్ అసిస్టెన్స్’ అనే పత్రాలను జారీ చేసేది. వాటిలో ఫలానా ఇల్లు, ఫలానా వస్తువు అన్న నిర్దేశం ఉండేది కాదు. 1761లో బోస్టన్‌లో జేమ్స్ ఓటిస్ అనే న్యాయవాది వాటికి వ్యతిరేకంగా వాదించి ఓడిపోయినా, ఆ అసంతృప్తి మాత్రం చల్లారలేదు. 1791లో అమల్లోకి వచ్చిన నాలుగో రాజ్యాంగ సవరణ అకారణ సోదాలను నిషేధించడంతో పాటు, వారంటు జారీ కావాలంటే నమ్మదగిన కారణాన్ని ప్రమాణపూర్వకంగా చూపాలనీ, వెతకవలసిన చోటునూ పట్టుకోవలసిన వస్తువులనూ స్పష్టంగా పేర్కొనాలనీ నిర్దేశించింది. అంటే వారంటు కేవలం అనుమతి పత్రం కాదు. దర్యాప్తు వేడిలో ఉన్న అధికారికీ, ఇంటి తలుపుకూ మధ్య ఆ కేసుతో ప్రమేయం లేని మూడో వ్యక్తిని నిలబెట్టే పద్ధతి.

ఇంటి విషయంలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగానే పట్టుకుంది. వారంటు లేకుండా ఇంట్లోకి చొరబడి చేసే సాధారణ అరెస్టు చెల్లదని 1980 నాటి పేటన్ వర్సెస్ న్యూయార్క్ తీర్పు చెప్పింది. పారిపోతున్న నేరస్థుణ్ణి వెంటాడుతున్నప్పుడు, లోపల ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనడానికి సహేతుకమైన ఆధారం ఉన్నప్పుడు, సాక్ష్యం అప్పటికప్పుడు నాశనమయ్యే ప్రమాదం ఉన్నప్పుడు మినహాయింపులు లేకపోలేదు. అయితే ఆ పరిస్థితి నిజంగా ఉందని పోలీసులే తరువాత కోర్టులో నిరూపించుకోవాలి. ప్రజల బాగోగులు చూసే సాధారణ విధి పేరుతో ఇంట్లోకి వెళ్లే అధికారం రాదని 2021లో కానిగ్లియా కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఈ మినహాయింపులన్నీ పరిస్థితి నుంచి పుట్టేవి. ఇంటివారి నోటి మాట నుంచి పుట్టేది మాత్రం సమ్మతి ఒక్కటే. పోలీసుల దగ్గర మరే కారణమూ లేకపోయినా అది చెల్లుతుంది.

ఆ సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలన్నది మొదటి షరతు. వారంటు ఉందని పోలీసులు చెప్పినందువల్ల ఒక వృద్ధురాలు తలుపు తీసిన కేసులో, అధికారం ఉందన్న మాటకు తలవంచడం సమ్మతి కిందికి రాదని 1968లో బంపర్ వర్సెస్ నార్త్ కరోలినా తీర్పు స్పష్టం చేసింది. అయితే ఐదేళ్లు తిరగకముందే, 1973లో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో రాత్రివేళ ఆపిన కారు సోదాకు సంబంధించిన ష్నెక్‌లాత్ వర్సెస్ బుస్టమాంటే కేసులో, కాదనే హక్కు ఉందని పోలీసులు ముందుగా చెప్పనక్కర లేదనీ, ఆ హక్కు తెలిసి ఉండడం పరిశీలించవలసిన అంశాలలో ఒకటి మాత్రమేననీ సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదుపులోకి తీసుకున్న వ్యక్తిని ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు గురించి చెప్పి తీరాలన్న 1966 నాటి మిరాండా నియమం ఇక్కడ వర్తించదన్నమాట. తమకున్న హక్కేమిటో తెలియని వ్యక్తి దానిని వదులుకున్నట్టు ఎలా అనుకోవడమని జస్టిస్ విలియం బ్రెన్నన్ తన అసమ్మతి తీర్పులో ఆక్షేపించారు.

ఆ ఆక్షేపణకు ఇటీవలి మనస్తత్వ పరిశోధన బలం చేకూర్చింది. రొజానా సామర్స్, వెనెస్సా బోన్స్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగశాలకు వచ్చినవారిని తమ ఫోన్ లాక్ తీసి కాసేపు ఇవ్వమని మామూలుగా అడిగితే నూటికి తొంభై మందికి పైగా ఇచ్చేశారు. అలా అడిగితే జనం ఏం చేస్తారని వేరేవారిని ప్రశ్నిస్తే మాత్రం చాలామంది ఇవ్వరనే అంచనా వేశారు. ఎదుటి మనిషి ముఖం మీద కాదనడం ఎంత కష్టమో, దూరంగా కూర్చుని ఆలోచించేవారికి అది ఎంత తేలికగా కనిపిస్తుందో ఈ తేడా చూపిస్తుంది. అడిగేది యూనిఫాంలో తుపాకీతో ఉన్న వ్యక్తి అయినప్పుడు ఆ కష్టం రెట్టింపవుతుందనడానికి వేరే ప్రయోగం అక్కర లేదు. స్వచ్ఛందత కొలవవలసిన న్యాయమూర్తులు కూడా దూరంగా కూర్చుని ఆలోచించేవారేనన్నది ఈ అధ్యయనం లేవనెత్తే అసలు ఇబ్బంది.

సమ్మతితో పోయేదేమిటో కూడా లెక్క చూసుకోవాలి. వారంటులో వెతకవలసిన వస్తువులు రాసి ఉంటాయి కనుక సోదాకు ఒక హద్దు ఉంటుంది. సమ్మతికి ఉండే హద్దు మాత్రం ఆ సంభాషణ విన్న సామాన్యుడికి ఎలా అర్థమవుతుందో అంతవరకేనని 1991 నాటి హిమెనో తీర్పు చెప్పింది. ముందు గది మాత్రమే చూడండని పరిమితి పెట్టడానికీ, మధ్యలో సమ్మతిని వెనక్కి తీసుకోవడానికీ వీలున్నా, స్పష్టంగా చెప్పని పరిమితి తరువాత వివాదంగానే మిగులుతుంది. చట్టబద్ధంగా లోపలికి వచ్చిన అధికారి కంటికి ఎదురుగా కనబడిన నేర వస్తువును, తాను వెతుకుతున్నది కాకపోయినా, స్వాధీనం చేసుకోవచ్చు. అన్నిటినీ మించి, రాజ్యాంగ విరుద్ధమైన సోదాలో దొరికిన సాక్ష్యాన్ని విచారణలో వాడరాదన్న నియమం, 1961 నాటి మ్యాప్ వర్సెస్ ఒహాయో తీర్పుతో రాష్ట్రాలన్నిటికీ వర్తించిన ఆ రక్షణ, చెల్లుబాటయ్యే సమ్మతి ఉన్నచోట అక్కరకు రాదు. తన ఇంట్లో తప్పుడు వస్తువేదీ లేదని నమ్మే వ్యక్తికి ఆ ఇంట్లో ఉండే మిగతావారి సంగతి, వచ్చిపోయిన అతిథుల సంగతి, పాత అద్దెదారు అటక మీద వదిలివెళ్లిన పెట్టె సంగతి అంతే నమ్మకంగా తెలియదు.

అమెరికాలోని తెలుగువారికి ఈ చివరి సంగతి దగ్గరగా తగులుతుంది. ముగ్గురు నలుగురు విద్యార్థులు కలిసి ఒకే అపార్ట్‌మెంటులో అద్దెకుండడం వారిలో మామూలు కనుక, ఎవరి సమ్మతి ఎంతవరకు చెల్లుతుందో తెలియడం అవసరం. ఉమ్మడిగా వాడుకునే హాలు, వంటగది వంటి చోట్లకు కలిసి ఉండేవారిలో ఒకరి సమ్మతి చాలునని 1974 నాటి మాట్లాక్ తీర్పు, సమ్మతి ఇచ్చిన వ్యక్తికి నిజంగా ఆ అధికారం లేకపోయినా ఉందని పోలీసులు సహేతుకంగా నమ్మితే చాలునని 1990 నాటి రోడ్రిగెజ్ తీర్పు చెబుతున్నాయి. ఇంటి యజమాని మాత్రం అద్దెదారు తరఫున సమ్మతి ఇవ్వలేడని 1961లోనే తేలింది. గుమ్మంలోనే నిలబడి ఒకరు కాదంటుండగా మరొకరి సమ్మతి చెల్లదని 2006లో జార్జియా వర్సెస్ రాండాల్ఫ్ కేసులో కోర్టు అన్నా, కాదన్న వ్యక్తిని చట్టబద్ధంగా అరెస్టు చేసి తీసుకువెళ్లిన తరువాత ఇంట్లో మిగిలినవారు ఇచ్చిన సమ్మతి చెల్లుతుందని 2014లో ఫెర్నాండెజ్ కేసులో అదే కోర్టు ఆ రక్షణను కుదించింది.

వలస నిబంధనల వల్ల మరో చిక్కు కలుగుతుంది. వలస విభాగం అధికారి సంతకంతో జారీ అయ్యే అరెస్టు పత్రాన్ని కూడా వాడుకలో వారంటనే అంటారు. కానీ న్యాయమూర్తి సంతకం లేని ఆ పత్రం, సమ్మతి లేకుండా ఇంట్లోకి ప్రవేశించే అధికారాన్ని ఇచ్చేదిగా కోర్టులు సాధారణంగా పరిగణించలేదు. అందువల్ల కాగితం చూపించినప్పుడు దాని మీద ఏ కోర్టు పేరుంది, ఎవరి సంతకముంది, ఏ చిరునామా ఉంది అన్నవి చదవడం ముఖ్యం. హెచ్-1బీ ఉద్యోగుల పని ప్రదేశాలకు వలస సేవల విభాగం జరిపే తనిఖీలు ఈ కోవకు చెందవు. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆ తనిఖీకి సహకరించకపోతే వీసా పిటిషన్‌ను తిరస్కరించడానికో రద్దు చేయడానికో అవకాశం ఉంది; అక్కడ కాదనడం నేరం కాకపోయినా దానికి మూల్యం ఉంటుంది. నేర దర్యాప్తుకు వచ్చిన పోలీసుకు చెప్పే జవాబునూ, ఈ తనిఖీకి చెప్పే జవాబునూ ఒకే గాటన కట్టకూడదు.

సమ్మతి ఇవ్వడమే వివేకమయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో దొంగతనం జరిగిందని ఇంటివారే పోలీసులను పిలిచినప్పుడు, పిల్లవాడు కనబడకపోయినప్పుడు, అపాయంలో ఉన్న మనిషిని వెతుకుతున్నప్పుడు గంటల జాప్యం ప్రాణాంతకం కావచ్చు. అక్కడ సోదా ఇంటివారి పని కోసమే జరుగుతుంది. కాదనడం వల్ల పోలీసులు వెనుదిరిగి పోతారన్న హామీ కూడా లేదు. నమ్మదగిన కారణం ఉంటే, వారంటు తెచ్చేలోగా సాక్ష్యం నాశనం కాకుండా ఇంటి వ్యక్తిని కొద్దిసేపు లోపలికి ఒంటరిగా వెళ్లనీయకుండా ఆపవచ్చని 2001 నాటి మెకార్థర్ తీర్పు అంగీకరించింది. అయితే సహకరించడానికి నిరాకరించడమే అనుమానానికి తగిన ఆధారం కాదని 1991లో బోస్టిక్ కేసులో, తలుపు తీయవలసిన బాధ్యత గానీ మాట్లాడవలసిన బాధ్యత గానీ ఇంటివారికి లేదని 2011లో కెంటకీ వర్సెస్ కింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిరాకరణ మాటతో ఆగాలన్నది మాత్రం మరువరానిది. సమ్మతి లేదని స్పష్టంగా, మర్యాదగా చెప్పడం హక్కు. దారికి అడ్డుపడడం, తోసుకోవడం వేరే నేరాలకు దారితీస్తాయి. కాదన్నా లోపలికి వస్తే, ఆ సోదా తప్పొప్పులు తేల్చవలసిన చోటు కోర్టేగానీ గుమ్మం కాదు.

ఈ సలహాను యథాతథంగా స్వదేశానికి మోసుకురావడం ప్రమాదం. భారత రాజ్యాంగంలో నాలుగో సవరణ వంటి నిబంధన లేదని 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి తీర్పు ప్రకటించినా, సోదాల చట్రం మారలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తుకు అవసరమైన వస్తువు మరోలా సకాలంలో దొరకదని నమ్మే సహేతుక కారణాలను రాతపూర్వకంగా నమోదు చేసి, దర్యాప్తు అధికారి వారంటు లేకుండానే సోదా చేయవచ్చు. అక్కడ ఇంటివారి సమ్మతితో పని లేదు. వారికి మిగిలే రక్షణ సోదా జరిగే పద్ధతిలో ఉంది: మధ్యవర్తుల సమక్షం, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ప్రతి, ఆడియో వీడియో చిత్రీకరణ, నమోదు చేసిన కారణాల ప్రతి 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరడం. అక్రమ సోదాలో దొరికినదైనా సంబంధమున్న సాక్ష్యమైతే ఆ ఒక్క కారణంతో తోసిపుచ్చనక్కర లేదని 1973లో పూరన్‌మల్ తీర్పు చెప్పింది కనుక, పద్ధతి తప్పినా ఫలితం దర్యాప్తుకు దక్కవచ్చు. తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు మాత్రం దీనికి హద్దు చూపింది. స్టాంపు సుంకం పేరుతో ఎవరినైనా పంపి పత్రాలు తనిఖీ చేయించే అధికారాన్ని కలెక్టరుకు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, తగిన కారణాలూ నియంత్రణలూ లేకుండా గోప్యతను హరిస్తోందని 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. కాలనీలను చుట్టుముట్టి ఇంటింటా జరిపే నిర్బంధ తనిఖీలను హక్కుల సంఘాలు ప్రశ్నిస్తున్నది కూడా ఈ లోపం గురించే. ఫలానా ఇంటిని ఎందుకు వెతుకుతున్నారన్న కారణం ఎక్కడ నమోదైందని.

కాబట్టి అమెరికాలో గడప దగ్గర ఎదురయ్యే ప్రశ్నకు, అత్యవసరమో ఇంటివారి అవసరమో లేనప్పుడు, వారంటు తెస్తే అడ్డుచెప్పబోమన్న జవాబు పోలీసులపై అపనమ్మకాన్ని ప్రకటించడం కాదు. వారి దగ్గరున్న కారణాన్ని చెప్పుకోవలసిన చోటుకే వారిని పంపడం. అయితే ఆ జవాబు ఉందని తెలిసినవారికే అది అందుబాటులో ఉంటే, రక్షణ చదువుకున్నవారి సొత్తుగా మిగిలిపోతుంది. కాదనే హక్కు ఉందని తెలిసే సమ్మతి ఇచ్చారని ప్రభుత్వం చూపాలని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లో, వారంటు లేకుండా తలుపు తట్టి సోదాకు అనుమతి కోరే పోలీసులు ఆ హక్కును ముందే చెప్పాలని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1998లో తమ తమ రాష్ట్ర రాజ్యాంగాల ఆధారంగా నిర్ణయించాయి. ఆ రాష్ట్రాల్లో దర్యాప్తులేమీ ఆగిపోలేదు. అనుమతి అడిగే వ్యక్తే కాదనవచ్చని కూడా చెప్పినప్పుడు వచ్చే ఔననే మాటను మాత్రమే సందేహం లేకుండా సమ్మతి అనగలం.