తేనెను నీళ్లలా కొలవకండి

వంద మిల్లీలీటర్లంటే వంద గ్రాములేనన్న మాట మన వంటిళ్లలో పాతుకుపోయింది. వంటల వీడియోల్లో అదే చెబుతారు, కొత్తగా వంట మొదలుపెట్టిన పిల్లలకు ఫోన్లోనూ అదే చెబుతారు. నీళ్లకు అది నిజం, పాలకు దాదాపు నిజం. తేనెకు, గోల్డెన్ సిరప్‌కు, పంచదార పాకానికి మాత్రం పచ్చి అబద్ధం.

లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు తేనె కిలో నాలుగు వందల గ్రాముల దాకా తూగుతుంది. వంద గ్రాముల తేనె వేయమన్న కేకులో 100 మి.లీ. గీత దాకా పోస్తే పడేది 140 గ్రాములు. తేనెలోని చక్కెరలు తొందరగా రంగు తిరుగుతాయి కాబట్టి పైన నల్లబడుతుంది, లోపల ఉడకక నడుమ కుంగుతుంది. అప్పుడు ఓవెన్‌ను తిడతాం, మైదాను అనుమానిస్తాం. కొలత మీదికి ఎవరి చూపూ పోదు. పైగా కప్పు అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 237 మి.లీ., మన దగ్గర అమ్మే సెట్లలో 250 మి.లీ. కప్పులూ ఉంటాయి. గిన్నెలోకి వంచాక కప్పుకు అంటుకుని మిగిలిపోయేది వేరే లెక్క.

'అయితే 1.4తో గుణిస్తే సరిపోతుందిగా' అంటారు కొందరు. తేనెకు సరిపోతుంది. పాకానికి అలాంటి అంకె ఒక్కటి లేదు. పంచదార, నీళ్లు సమాన బరువుల్లో కరిగిస్తే మిల్లీలీటరుకు 1.23 గ్రాములు, పంచదార 65 శాతానికి చేరితే 1.32. పొయ్యి మీద ఉన్నంతసేపూ నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది. గులాబ్‌జామ్‌ల కోసం గ్లాసు పంచదార, గ్లాసు నీళ్లు కలిపి, కరగగానే కొలిచి చూడండి. రెండు గ్లాసులు రావు, సుమారు ఒకటిన్నరే వస్తుంది. కరిగినందువల్ల బరువు మాత్రం గ్రాము కూడా తగ్గదు.

తూకం అసలు బలం ఇక్కడే. కిలో పంచదారతో పాకం పట్టేటప్పుడు ఆవిరయ్యేది నీళ్లే, పంచదార గిన్నెలోనే ఉంటుంది. అందుకని ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకుని, కాటా మీద చెక్క పీట వేసి, మధ్యమధ్య గిన్నె దించి తూచవచ్చు. గిన్నె బరువు పోను 1250 గ్రాముల దగ్గర తీగ పాకం, 1180 దగ్గర ఉండ పాకం. మరుగుతున్న పాకాన్ని కప్పులో పోసి ఈ సంగతి ఎవరు తేల్చగలరు? బెల్లంలో తేమ, మడ్డి ఉంటాయి కాబట్టి అంకె కాస్త మారుతుంది. ఈ ఏడాది కొన్న బెల్లానికి అరిసెల పాకం ఎక్కడ కుదిరిందో ఒకసారి రాసుకుంటే, అదే బెల్లం ఉన్నంతకాలం పనికొస్తుంది.

'అమ్మమ్మలు తూచి వండారా' అన్న వాదన చాలామందికి ఇష్టం. వాళ్ల చేతి నేర్పును నేను తక్కువ చేయను. నీళ్ల పళ్లెంలో వేసిన పాకం చుక్కను వేళ్లతో ఉండ చేసి చూడటం గొప్ప పరీక్షే, ఏళ్ల తరబడి చేస్తే గానీ పట్టుబడని పరీక్ష. కానీ ఆ వంటిళ్లలోకి బియ్యం సోల, తవ్వ, మానికల కొలతల్లో వచ్చినా, బెల్లం మాత్రం వీశెల తూకంలోనే వచ్చింది. ఇప్పటికీ అరిసెల లెక్క అడిగితే కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అనే చెబుతారు. తూకం మన సంప్రదాయంలో లేనిదేమీ కాదు. తీపిని కప్పులకు అప్పగించిందే మనం.

మందు సిరప్‌లకు ఈ మాట వర్తించదు. వాటి మోతాదు మిల్లీలీటర్లలోనే లెక్కగడతారు కాబట్టి, సీసాతో ఇచ్చిన కొలతతోనే పోయాలి. నేనంటున్నది వంట సంగతి. తేనె సీసా మీద బరువు గ్రాముల్లోనే అచ్చవుతోంది, వంటింటి డిజిటల్ కాటా ఒక మంచి మూకుడు ధరకే దొరుకుతోంది. గిన్నె దాని మీద పెట్టి, సున్నాకు తెచ్చి, సీసాలోంచి నేరుగా వంచుకుంటే కప్పు కడిగే పని కూడా ఉండదు. వంటలు రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు సిరప్‌లను గ్రాముల్లో చెప్పాలి. కప్పుల్లో చెప్పక తప్పకపోతే అది ఎన్ని మిల్లీలీటర్ల కప్పో, అందులో పట్టిన తేనె ఎన్ని గ్రాములో పక్కనే రాయాలి.