గుండె జబ్బుకు అలవాట్లే కారణమా?

గుండెపోటు గురించి టీవీలో ఎప్పుడు చర్చ జరిగినా మూడు మాటలు వినిపిస్తాయి: నూనె తగ్గించండి, రోజూ నడవండి, బీడీ మానండి. ఇవి తప్పు మాటలేమీ కావు. కానీ తెల్లవారకముందే చీపురు పట్టి రోడ్లు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలికి ‘నడవండి’ అని చెబితే ఆమె జబ్బుకు కారణం చెప్పినట్టేనా?

రక్తనాళాలు పూడుకుపోయే ఈ జబ్బును వైద్యులు అథెరోస్క్లెరోసిస్ అంటారు. రక్తనాళం లోపలి పొర దెబ్బతిన్నచోట చెడు కొలెస్ట్రాల్ చేరి, వాపు మొదలై, ఏళ్ల తరబడి గారలా పేరుకుంటుంది. ఆ గార పగిలి రక్తం గడ్డకడితే గుండెపోటో పక్షవాతమో వస్తుంది. బీపీ, షుగరు, పొగాకు దీన్ని త్వరపెడతాయి. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, గుండెపోటుకు దారితీసే 9 ప్రధాన కారణాల్లో మానసిక ఒత్తిడిని కూడా చేర్చింది. గాలిలోని సన్నని ధూళి కూడా ముప్పేనని ఇతర పరిశోధనలు చెప్పాయి. ఆ ధూళిని, దానితోపాటు అవమానాన్ని రోజూ మింగుతున్నది ఎవరో మనకు తెలుసు.

ఇంకా వెనక్కి, తల్లి కడుపు దాకా వెళ్లి చూడాలి. హైదరాబాద్ దగ్గరి 15 గ్రామాల్లో 1987-90 మధ్య గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఐసీడీఎస్ ద్వారా అదనపు పోషకాహారం ఇచ్చారు. పక్కనున్న 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక పరీక్షించారు. తిండి అందిన ఊళ్ల పిల్లల్లో రక్తనాళాల బిరుసు కొంత తక్కువగా ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం 20 శాతం తక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఇవి జబ్బు కాదు, జబ్బుకు ముందు కనిపించే గుర్తులు. అయినా కడుపులో ఉన్నప్పటి తిండి రక్తనాళాల మీద ముద్ర వేస్తుందని ఇవి సూచిస్తున్నాయి. ఆ తిండి దొరకకపోవడం ఏ బిడ్డ ‘అలవాటు’?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పూడుకున్న నాళానికి చికిత్స చేయిస్తుంది. అది ఉండాల్సిందే. కానీ అప్పటికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది. గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో ఉచిత భోజనం 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. అందుకే గ్రామసభల్లో, విద్యార్థి సంఘాల సమావేశాల్లో ఈ ప్రశ్నలు అడుగుదాం: అంగన్‌వాడీ మన వాడలో ఉందా, ఊరి నడుమ ఉందా? గుడ్డు, పాలు ప్రతి గర్భిణికీ అందుతున్నాయా? బీపీ, షుగరు పరీక్షలు కూలి పోకుండా పని జరిగే చోటే చేస్తున్నారా? వాడవాడకూ వెళ్లి జవాబులు రాసుకొద్దాం. అధికారుల ముందు పెట్టాల్సిన లెక్క అదే.