కక్ష్యలో చిక్కుకుంటే ఎవరు వెళ్తారు?

ఇస్రో ఛైర్మన్ శ్రీ వి. నారాయణన్ గారికి,

శ్రీహరికోట నుంచి మనవాళ్లు గగన్‌యాన్‌లో బయల్దేరే రోజు కోసం అందరిలాగే నేనూ ఎదురుచూస్తున్నాను. రాకెట్ లేచేటప్పుడే ప్రమాదమొస్తే సిబ్బందిని దూరంగా లాక్కెళ్లే ఏర్పాటును 2023 అక్టోబరు 21న పరీక్షించి చూపారు. నా ప్రశ్న ఆ తర్వాతి సంగతి గురించి. కక్ష్యలో ఉండగా నౌక దెబ్బతిన్నా, కిందికి దించాల్సిన ఇంజిను మొరాయించినా ఏం చేస్తారు?

నాసా షటిల్ కొలంబియా ఉదంతం మీకు తెలియనిది కాదు. 2003 జనవరి 16న నింగికెగసిన 82 సెకన్లకు, ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. దాని బరువు కిలో కూడా ఉండదు. రెక్కను ఫొటోలు తీయించమని ఇంజినీర్లు అడిగారు, పైవాళ్లు వద్దన్నారు. చిల్లుపడ్డ ఆ రెక్కతోనే తిరిగొస్తూ ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు.

విచారణ సంఘం అడిగాక నాసా లెక్కలు తీసింది. దెబ్బ సంగతి ముందే తెలిసుంటే, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే డబ్బాలను పొదుపుగా వాడుకుంటూ సిబ్బంది ఫిబ్రవరి 15 దాకా కక్ష్యలో ఉండగలిగేవారట. అప్పటికే సిద్ధమవుతున్న మరో షటిల్ అట్లాంటిస్‌ను, రాత్రింబవళ్లు పనిచేస్తే 10వ తేదీకల్లా పంపొచ్చు. రెండు షటిళ్లు పక్కపక్కనే తిరుగుతుండగా, స్పేస్ సూట్లు తొడుక్కుని విడతలవారీగా అట్లాంటిస్‌లోకి దాటాలి. లేదంటే క్యాబిన్‌లోని లోహపు ముక్కలు, నీటి సంచి రెక్క చిల్లులో కూరి, ఆ నీటిని గడ్డకట్టించి దిగడానికి తెగించాలి. ఈ రెండోదాని మీద నాకు నమ్మకం తక్కువ. మొదటిది మాత్రం చేయగలిగిన పనే.

అలాంటి సాయం ఆ తర్వాత నిజంగానే అందింది. 2022 డిసెంబరులో సోయుజ్ నౌకలో శీతలీకరణ ద్రవం కారిపోతే రష్యా ఫిబ్రవరిలో ఖాళీ నౌకను పంపింది. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌ల కోసం 2024 సెప్టెంబరులో డ్రాగన్ నౌక రెండు సీట్లు ఖాళీగా ఉంచుకుని వెళ్లింది. వాళ్లందరికీ తలదాచుకోవడానికి అంతరిక్ష కేంద్రం ఉంది. గగన్‌యాన్ తొలి యాత్రలో మనవాళ్లకు ఆ ఆసరా ఉండదు.

అందుకే అడుగుతున్నాను. నౌకలో గాలి ఎన్నాళ్లకు సరిపోతుంది? ఆలోగా మరో ఎల్వీఎం-3 సిద్ధమవుతుందా? ఆ రాకెట్ ఇప్పుడు ఎగిరేది రెండో ప్రయోగ వేదిక నుంచి మాత్రమే. 2025 జనవరిలో ఆమోదం పొందిన మూడో వేదిక పూర్తికావడానికి నాలుగేళ్లు పడుతుందన్నారు. అదే నెలలో స్పేడెక్స్ ప్రయోగంతో సాధించిన డాకింగ్, అంటే కక్ష్యలో రెండు నౌకలను కలిపే నేర్పు, గగన్‌యాన్‌కు ఎప్పుడు అందుతుంది?

వీటికి డబ్బూ కాలమూ కావాలి, నిజమే. పైసా ఖర్చు లేనిది ఇంకొకటుంది. కంట్రోల్ రూంలో ఒక జూనియర్ ఇంజినీరుకు అనుమానమొస్తే, నౌకను వెంటనే ఫొటోలు తీయించమని ఆదేశించే అధికారం ఎవరిది? అది ఎవరిదో, కాదనే హక్కు ఎవరికీ లేదని కూడా, సిబ్బంది నౌక ఎక్కకముందే రాసి ప్రకటించండి.

భవదీయుడు,
ఒక పౌరుడు