అవ్వ ముందు నడవవలెను

వేసవిలో కుటుంబమంతయు కలిసి కొండలోయలో నడచునప్పుడు ఎవరు ముందు నడవవలెను? మనలో చాలమంది దీనిని ఒక ప్రశ్నగానే తలంపరు. కాళ్లలో బలమున్న పిల్లలు ముందు పరుగిడుదురు. తండ్రి వారిని కేకలు వేయుచు వెంబడించును. తల్లి మూటతోను, అవ్వ ఊతకఱ్ఱతోను వెనుకబడుదురు. ఇది సరియైన పద్ధతి కాదని నా అభిప్రాయము. అందఱికంటె మెల్లగా నడచువారే అందఱికంటె ముందుండవలెను.

అహోబిలమును చూచినవారికి నా మాట సులభముగా బోధపడును. నంద్యాల జిల్లాలో, నల్లమల అడవుల నడుమనున్న ఈ క్షేత్రమున నవనారసింహుల ఆలయములు కలవు. ఎగువ అహోబిలమునుండి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి పోవు త్రోవ చాల దూరము భవనాశి వాగు వెంబడి సాగును. బయట మైదానమున మే నెల ఎండ నిప్పులు చెఱగుచుండగా, లోయలో అడుగిడినంతనే ఒడలికి చల్లదనము తగులును. ఇందులో మాయ ఏమియు లేదు. ఇరువైపుల నిలువుగా లేచిన కొండచరియలు ఉదయమునను సాయంకాలమునను ఎండను అడ్డగించును. నడిమింట సూర్యుడున్న కొలది గంటలలో చెట్ల కొమ్మలు ఆ పని చేయును. ఆకులనుండియు మడుగులనుండియు లేచు నీటియావిరి గాలిలోని వేడిమిని హరించును. చల్లబడిన గాలి బరువైనది గావున లోయ అడుగుననే నిలుచును. ఇట్టి నీడలో పరుగెత్తువానికి దక్కునది చెమట మాత్రమే.

వెనుకబడినవారి కష్టమును ముందున్నవారు ఎఱుగరు. ముందు పోయినవారు ఒక బండపై కూర్చుండి, వెనుకవారి కొఱకు ఎదురుచూచుచు అలసట తీర్చుకొందురు. అవ్వ రొప్పుచు వచ్చి చేరగానే, “వచ్చితివి గదా, పోదము” అని లేతురు. విశ్రాంతి అవసరమైన మనిషికే విశ్రాంతి దొరకదు! ఆమె ముందున్నచో ఆమె ఆగినప్పుడు అందఱును ఆగుదురు.

కొన్నేండ్ల క్రిందట మేము ఏడుగురము ఆ త్రోవన బయలుదేరితిమి. ఎగువ అహోబిలమున భోజనము ముగించి, మధ్యాహ్నము నడక ప్రారంభించితిమి. అది మా తప్పు. డోలీ మాట యెత్తగా మా అవ్వ, “కాళ్లున్నంతవఱకు ఒకరి భుజమెక్కను నాయనా” అనెను. నాన్న ఆమెను ముందు నడిపించెను. ఆమె పది అడుగులకొకమాఱు ఆగుచుండెను. మా తమ్ముడు పండ్లు కొఱుకుచుండెను.

వాగు దాటవలసిన చోట అవ్వ నిలిచిపోయెను. అంతవఱకు తేటగానున్న నీరు ఎఱ్ఱబాఱినది. ఎండుటాకులు, పుల్లలు, నురుగు కొట్టుకొనివచ్చుచున్నవి. మా తలలపై ఆకాశము నిర్మలముగానే ఉండెను. “పైన వాన పడినది, ఎవ్వరును దిగవద్దు” అని ఆమె కఱ్ఱ అడ్డము పెట్టెను. మేము గట్టున ఎత్తైన బండపైకి చేరితిమి. కొంతసేపటికే, మేము అడుగుపెట్టి దాటవలసిన రాళ్లు కనబడకుండ నీరు పాఱెను. లోయలో నిలిచినవానికి ఆకాశమున ఒక చీలిక మాత్రమే కనబడును. ఎగువ కొండలపై క్రమ్మిన మబ్బు కనబడదు. వేసవి సాయంకాలములలో ఇట్టి వానలు వింత కాదు.

తమ్ముడు ముందున్నచో అప్పటికి వాగు నడుమ ఉండెడివాడు. ఆ మాట మాలో ఎవ్వరును పైకి అనలేదు.

ఇట్లు నడచినచో గమ్యము చేరలేమని పిల్లలు వాదింతురు. అది కొంత నిజమే. ఆనాడు మేము స్వామిని దర్శింపకయే మరలితిమి. తమ్ముడు ఇల్లు చేరువఱకు మాటలాడలేదు. కాని దానికి మందు తెల్లవాఱగనే బయలుదేరుట గాని, అవ్వను వెనుక విడుచుట కాదు.

మఱుసటి వేసవిలో అట్లే చేసితిమి. ఎండ లోయ అడుగునకు దిగకమునుపే సన్నిధికి చేరితిమి. త్రోవ పొడవునను అవ్వయే ముందు. తమ్ముడు ఆమె నీళ్లచెంబు మోయుచు వెనుక నడచెను. ఎన్నిమాఱులు ఆగితిమో వాడు లెక్కపెట్టి, పైకి చేరగానే ప్రకటించెను: 43.