హెచ్చరిక: పసికందు కాళ్లు బిగించి చుట్టకండి

స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, కాళ్లు రెండూ చాపి, పాత చీర ముక్కతో బిగుతుగా చుట్టేస్తే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. మన ఇళ్లలో ఇది ప్రేమతో చేసే పనే. కానీ ఆ బిగింపు పసికందు తుంటి కీలును తప్పించగలదు. ఈ రోజే మానండి.

కటికి రెండు వైపులా, మూడు ఎముకలు కలిసే చోట గిన్నెలాంటి గుంట ఉంటుంది. తొడ ఎముక తల అందులో తిరగాలి. పుట్టినప్పుడు ఆ గిన్నె చాలావరకు మెత్తని మృదులాస్థే. తల అందులో కుదురుగా ఉంటేనే అది లోతుగా ఎదుగుతుంది; జారితే చదునుగా ఉండిపోతుంది. కొందరికి ఈ లోపం పుట్టుకతోనే వస్తుంది. ఆడపిల్లలకు, తొలిచూలు బిడ్డలకు, కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నవారికి, ఇంట్లో ఎవరికైనా ఇది ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

పసితనంలో దీనికి నొప్పి ఉండదు, బిడ్డ ఏడవదు. కాబట్టి మనమే చూడాలి. గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంతగా పక్కకు విచ్చుకోవడం లేదా? వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిస్తే ఒకటి కిందికి కనిపిస్తోందా? తొడ మడతల్లో తేడా ఉందా? రెండు తొడలూ బిగుసుకున్నా అనుమానించాల్సిందే. ఎదురుకాళ్ల బిడ్డకైతే ఏ లక్షణమూ లేకపోయినా ఆరు వారాలకు తుంటి స్కానింగ్ చేయించండి.

ఆరు నెలల లోపు గుర్తిస్తే మెత్తని పట్టీలతోనే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమైతే మత్తు ఇచ్చి కీలు సరిచేసి, నడుము నుంచి కాళ్ల దాకా పిండికట్టు వేయాలి. నడక వచ్చాక తెలిస్తే చాలాసార్లు ఆపరేషనే గతి. వదిలేస్తే జీవితాంతం కుంటు, నడివయసు రాకముందే కీలు అరుగుదల. ‘నడిస్తే అదే సర్దుకుంటుంది’ అన్న మాట నమ్మి నెలలు పోగొట్టుకోకండి.

జపాన్‌లో 1975 నుంచి కాళ్లు చాపి చుట్టవద్దని ప్రచారం చేశాక ఈ జబ్బు బాగా తగ్గింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో తుంటి పరీక్ష ఉంది. ఇంటికొచ్చే ఆశా కార్యకర్తను అడగండి, డాక్టరుకు చూపించండి.

బిడ్డను చుట్టాలనుకుంటే భుజాల దగ్గర చుట్టండి, నడుము కింద వదులుగా ఉంచండి. మెడ నిలిచాక మన అమ్మమ్మలు చంకన ఎత్తుకునేది కాళ్లు ఎడంగా పెట్టే కదా! తుంటికి కావలసింది ఆ తీరే. ఆ అలవాటును నిలుపుకుందాం, బిగింపును వదిలేద్దాం.