దీపం వెలిగినప్పుడు

ముంచింగిపుట్టు నుండి పాడేరు వెళ్ళే కొండదారిలో, కారులో ఇల్లాలు, పిల్లలు ఉండగా ఇంజిను బొమ్మగల పసుపు దీపం వెలిగితే గుండె జారుతుంది.

గత వర్షాకాలంలో మా బంధువు ఒకరికి ఇదే ఎదురైంది. మైదానంలోని ఒక మెకానిక్ స్కానరు పెట్టి, పి0171 అనే కోడు చూసి, ఆక్సిజన్ సెన్సారు మార్చాడు. వారం తిరగకముందే దీపం మళ్ళీ వెలిగింది. తీరా చూస్తే పగిలింది గాలి గొట్టం! ఇంజినులో గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని మాత్రమే ఆ కోడుకు అర్థం. కోడు రోగలక్షణమే గాని రోగనిర్ణయం కాదు.

భారత్ స్టేజ్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుండి ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయింది. స్టీరింగు దిగువన ఉండే 16 పిన్నుల సాకెట్టులో స్కానరును అమర్చాలి. కొనేముందు మూడు విషయాలు విచారించండి. మొదటిది, అది మీ ఫోనుతో కలుస్తుందా? పాత తరహా బ్లూటూత్ పరికరాలు ఐఫోనుతో పనిచేయవు. రెండవది, ఇంటర్నెట్ లేకున్నా యాప్ కోడు అర్థాన్ని చూపుతుందా? కొండల్లో సిగ్నలును నమ్ముకోలేము. మూడవది, అది ఏమేమి చదువుతుంది? చవక పరికరాలు చాలావరకు ఇంజిను కోడులే చదువుతాయి. ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల లోపాలు వాటికి అందవు.

కోడును చెరిపేముందు కాగితంపై రాసుకోండి. చెరిపితే లోపం తలెత్తిన వేళ నమోదైన వేగం, వేడి వివరాలు కూడా పోతాయి. లోపం మాత్రం మిగులుతుంది.

పసుపు దీపం నిలకడగా ఉండి, బండి మామూలుగా నడుస్తుంటే నెమ్మదిగా గమ్యం చేరవచ్చు. అది మిణుకుమిణుకుమన్నా, ఆయిలు లేదా వేడిని సూచించే ఎర్రదీపం వెలిగినా స్కానరు కోసం వెతకకండి. బండిని పక్కకు తీసి, ఇంజిను ఆపివేసి, ముందుగా కుటుంబాన్ని సురక్షితమైన చోట దించండి.